వియ్యంకుల కొండలు



గడచిన సంచికలో ఈ శీర్షిక వెలువడలేదు. సంపాదకులు కారణమడుగగా "కొండమీద గుడారములో ఉంటిని" అని చెప్పితిని. వారు పరిహాసమనుకొనిరి. డెబ్బదియైదవ యేట పురోహితుడు గుడారములో పరుండుట యొక వింత. గృహిణీసమేతుడై హెలికాప్టరెక్కుట అంతకంటె వింత. సంగతి దాచి ప్రయోజనము లేదు. కోవెల మెట్లమీద ఇప్పటికే దీనిని రెండు మూడు విధములుగ చెప్పుకొనుచున్నారు. అందొక విధమున నేను ఆకాశమున భయపడి కేకలు వేసితినట. వేయలేదు. కన్నులు మూసికొనిన మాట నిజము.

మా కుమారుడు, కోడలు, రెండేండ్ల మనుమడు, మేమిద్దరము, ఐదుగురము మన పినాంగునుండి వంతెన దాటి, కువాలా కెడా రేవున ఓడనెక్కి లంకావి ద్వీపమునకు పోయితిమి. ద్వీపవాసులము మఱియొక ద్వీపమునకు విహారమునకై పోవుట యేమని మీరడుగవచ్చును. మా కోడలికి కొండయనిన ప్రీతి. లంకావియందు మాట్ చించాంగ్ అను కొండ పాదమున "ఏడు నూతులు" అను జలపాతమున్నది. మలయా భాషలో తెలాగా తుజుః అందురు. నీరు రాతిలో తొలిచిన ఏడు గుండముల గుండ దిగి, పిదప ఎత్తునుండి దూకును. దానికి కొంత దూరముగా చదునైన చోట గుడారములు అద్దెకిచ్చువారున్నారు.

గుడారమనిన మాటకే మా గృహిణి మొదట ఒప్పుకొనలేదు. 2022 డిసెంబరు 16వ తేదీ తెల్లవారకముందు సెలాంగోరు రాష్ట్రమున బాతాంగ్ కాలి సమీపమున, గెంటింగ్ పోవు త్రోవలో, కొండచరియ విరిగి గుడారములమీద పడినది. నిద్రలో ఉన్నవారు 31 మంది మరణించిరి, అందు పసిబిడ్డలును ఉండిరి. బడిసెలవులని పిల్లలను తీసికొని పోయిన కుటుంబములవి. ఆ వార్త వినిన నాటినుండి ఆమెకు కొండయనిన నిద్రపట్టదు. కావున మా కుమారుడు ముందుగా నొకమారు పోయి, గుడారములకు పైన వాలులో మట్టి త్రవ్విన జాడలున్నవో లేవో చూచి, వర్షములు తక్కువయగు ఫిబ్రవరి మాసమును ఎన్నుకొని, అప్పుడు తల్లిని ఒప్పించెను. ఉత్తరపు ద్వీపములలో అది ఎండకాలమని మీకు తెలిసినదే.

రెండు రాత్రులు ఉంటిమి. కీచురాళ్ళు సంధ్యవేళ ఒక్కమారుగ మొదలుపెట్టి, ఎవరో ఆజ్ఞాపించినట్లు ఒక్కమారుగ ఆగును. ఉదయమున కొమ్ముపిట్టలు రెక్కలు చప్పుడుచేయుచు పోవుచుండెను. కన్నులచుట్టు తెల్లని వలయములుగల నల్లకోతులు మనుమనిని చూచెను, మనుమడు వానిని చూచెను. నేల గట్టిదనము గూర్చి నా నడుము చెప్పగలదు గాని నేను చెప్పను.

ఇక హెలికాప్టరు సంగతి. మూడవనాడు ఉదయమున కుమారుడు నాలుగు చీట్లను మా యెదుట పెట్టెను. పాడాంగ్ మాట్ సిరాత్ అను చోటనున్న విమానాశ్రయమునుండి విహారులను హెలికాప్టరులో ద్వీపముమీద త్రిప్పి తెత్తురు. నలుగురు కూర్చుండవచ్చును. రెండు చీట్లు మాకు. తక్కిన రెండు ఎవరికని నేనడుగలేదు. కోడలు గుడారము వెనుకకు పోయి గిన్నెలు కడుగ మొదలుపెట్టినది. కడిగిన గిన్నెలనే కడుగుచుండెను.

ఇచ్చట నేనొక సంగతి చెప్పవలెను. చెప్పక వ్రాసినచో ఈ ప్రయాణము వట్టి వినోదమగును.

నాలుగేండ్ల క్రిందట మా కుమారుని వివాహమునకు తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషములకు నేను ముహూర్తము పెట్టితిని. మందిరమును అద్దెకిచ్చువారు 7 గంటలకు ముందు తలుపు తీయమనిరి. మా వియ్యంకుడు నన్నడుగక, వేరొక పురోహితునడిగి, 9 గంటలు దాటిన పిదప మఱియొక లగ్నము కనుగొని శుభలేఖలు అచ్చువేయించెను. ఆయనదియు తప్పే. అయినను తప్పునకు మించిన మాట నేనంటిని. వియ్యాలవారి విడిదిలో, బంధువులందరు కాఫీ త్రాగుచుండగా, "రబ్బరుపాలు గీచువారింట పంచాంగమెందులకు?" అంటిని. ఆయన లేచి నిలిచి, "ఆ కత్తితోనే గదా చదివించి మా పిల్లను మీ ఇంటికి పంపుచున్నాను" అని మాత్రము చెప్పి బయటకు పోయెను. పెండ్లి జరిగినది. ఆనాటినుండి నేను వారి గడప త్రొక్కలేదు, ఆయన మా గడప త్రొక్కలేదు. మనుమనికి అన్నప్రాశనము రెండుమార్లు జరిగినది, ఒకటి మా ఇంట, ఒకటి వారింట. పాపము, ఆ బిడ్డ రెండుమార్లును పాయసమును ఉమ్మివేసెను.

మఱియొకటి. మా గృహిణి కులీము ప్రాంతపు రబ్బరుతోటలో పుట్టినది. తోటలోని తెలుగుబడిలో మూడు తరగతులు చదివి, పండ్రెండవ యేటనుండి తల్లివెంట పాలు గీచుటకు పోయినది. ఆ మాట నేనన్నప్పుడు ఆమె పక్కగదిలో తాంబూలములు సర్దుచుండెను. వినెనో లేదో నేనడుగలేదు. ఆమెయు చెప్పలేదు.

ఆ తక్కిన రెండు చీట్లు వియ్యంకునకును వియ్యపురాలికిని కొనబడినవి. మేము వచ్చుచున్నామని తెలిసి వారు రాలేదు.

విమానాశ్రయమున మమ్ము ఒక్కొక్కరిని తూనికయంత్రముపై నిలువబెట్టి బరువు వ్రాసికొనిరి. ఈ వాహనమున బరువు ఒక ప్రక్కకు ఒరిగినచో నడుపువానికి కష్టమట, కావున ఎవరెచ్చట కూర్చుండవలెనో వారే నిర్ణయింతురు. మా ఆమెను ముందు ఆసనమున నడుపువాని ప్రక్కన కూర్చుండబెట్టి, నన్ను వెనుకకు పంపిరి. ఏబది సంవత్సరముల దాంపత్యములో ఆమె నాకు ముందు కూర్చుండుట అదియే మొదటిమారు. నా ప్రక్కన ఒక ఆసనము ఖాళీ, దాని ప్రక్కన మఱియొకటి ఖాళీ. ఒక దానిమీద నా ఉత్తరీయము పెట్టుకొంటిని.

నేనెందులకు భయపడితినో చెప్పెదను. 2009 సెప్టెంబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు ఎక్కిన హెలికాప్టరు నల్లమల అడవిలో కూలి, ఆయనయు తక్కిన నలుగురును మరణించిరి. ఆ వార్తకు మన సంఘములో అనేకులు కన్నీరు పెట్టిరి. అది జ్ఞాపకమునకు వచ్చినది. కాని నా భయమునకు వేరు అంతకంటె పాతది.

1948 జూను మొదలు 1960 జూలై 31 వరకు ఈ దేశమున అత్యవసర పరిస్థితి అమలులో ఉండెను. అడవిలోని కమ్యూనిస్టు యోధులతో బ్రిటిషువారు పోరుచుండిరి. 1950లో వారు మూడు చిన్న హెలికాప్టరులను సింగపూరునకు తెచ్చి, అడవిలో గాయపడిన సైనికులను ఆసుపత్రులకు చేర్చుటకు వాడిరి. 1953లో వచ్చిన పెద్ద యంత్రములతో సైనికులనే అడవి నడిబొడ్డున దింపసాగిరి. అంతకుముందు కాలినడకను దినములు పట్టు త్రోవ నిమిషములలో ముగిసెడిది. చిన్నతనమున మా తోటమీదుగ అట్టి యంత్రము పోవునప్పుడు మా అమ్మ నన్ను జబ్బపట్టి లైనుఇంటి చూరు క్రిందకు లాగెడిది. అది మమ్మేమియు చేయదని ఆమెకు తెలియదు. అడవివారికి అన్నము చేరునను అనుమానముచే కొన్ని ప్రాంతములలో పనివారు మధ్యాహ్నపు ముద్దయైన కట్టుకొనిపోరాదని కట్టడి ఉండెను. ముండ్లతీగెల కంచె, ద్వారమున తనిఖీ. ఆకాశమున చప్పుడైనచో ఎచ్చటనో ఎవరికో ప్రాణాపాయమని అర్థము. ఆ చప్పుడు వినుటకు ఇప్పుడు జనులు డబ్బిచ్చి ఎక్కుచున్నారు. మేమును ఎక్కితిమి.

హెలికాప్టరు విమానమువలె పరుగెత్తి లేవదు. తలపై తిరుగు రెక్కలు గాలిని క్రిందకు నెట్టును. నడుపువాడు చేతికఱ్ఱతో వాని వాలును హెచ్చించగా, బావిలోని బొక్కెన పైకి వచ్చినట్లు లేచును. తలుపులు మూసియుందురు. చెవులకు తొడుగులు పెట్టి, నోటియెదుట మాటలాడు గొట్టము నమర్తురు. ఒకరు మాటలాడినచో అందరికిని వినబడును. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

మొదట మాట్ చించాంగ్ మీదుగ పోయితిమి. ఎత్తు సుమారు 700 మీటర్లు, అంతే. అయినను ఱంపపు పండ్లవలె కోసుకొనిపోయిన దాని శిఖరములను దగ్గరనుండి చూచినచో ఎత్తు లెక్కకు రాదు. 50 కోట్ల సంవత్సరములకు పైబడిన ఇసుకరాళ్ళవి. ఈ దేశమున అంతకంటె పాతరాయి లేదందురు. ఇట్టి శిలల కొఱకే 2007లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో లంకావిని భూగర్భ ఉద్యానముగ గుర్తించినది. తీగెబండ్లు ఆ కొనలమీదికి ప్రాకుచుండెను. మేము క్రింద రెండు రాత్రులు పరుండిన గుడారము నీలపు చుక్కవలె కనబడినది. దానికి పైనున్న వాలు అడవితో నిండియున్నది, ఎచ్చటను మట్టి ఎఱ్ఱగా తెఱచుకొనలేదు. అది చూచి మా ఆమె నిట్టూర్చుట నా చెవిలో వినబడినది.

అంతట యంత్రము తూర్పునకు తిరిగెను. కొండవాలు ముగిసినచోట పచ్చని అడవి నడుమ ఎఱ్ఱని, ఇటుకరంగు మడులు కనబడినవి. నడుపువాడు పాతికేండ్ల మలయా యువకుడు, మర్యాదస్థుడు. "ఐరోపానుండి వచ్చినవారు వీనిని చూచి తమ దేశపు శరదృతువుతో పోల్చుదురు, చిత్రములు తీసికొందురు" అని మలయాలో చెప్పెను.

మా ఆమె తల ఆడించి మలయాలోనే, "అది రబ్బరు. ఆకు రాల్చుచున్నది. చూడు, వరుసలు తీరియున్నవి. ఈ నెలలో పాలు తగ్గును, క్రొత్తచిగురు వచ్చువఱకు చెట్టును నొప్పింపరాదు" అని చెప్పినది. పిదప మఱియొక మడిని చూపి, "అది విడిచిపెట్టిన తోట. వరుసల నడుమ అడవి లేచినది" అన్నది. నడుపువాడు ఆశ్చర్యపడి "అమ్మగారికి ఎట్లు తెలియును?" అనెను.

ఆమె అతనికి జవాబు చెప్పలేదు. తెలుగులో, వెనుకకు తిరుగకుండగనే, "పాలు గీచువారింట పుట్టితిని గదా, తెలియును" అన్నది.

నాలుగేండ్లు మోసిన మాట. రెక్కల హోరులో, రెండు చెవులలోను, మఱియెవరు విననట్లు, విన్నట్లు. అప్పుడే నేను కన్నులు మూసికొంటిని.

తెఱచునప్పటికి ఎదుట గునుంగ్ రాయా ఉండెను. లంకావిలో అదియే ఎత్తైనది, 881 మీటర్లు. మాట్ చించాంగ్ వలె పదునైనది కాదు. కూర్చున్న ఏనుగు వీపువలె గుండ్రముగా ఉండును. అది కరిగిన రాయి భూమిలోపల చల్లారి ఏర్పడిన నల్లసేనపురాతి కొండ. వయసు 20 కోట్ల సంవత్సరములకు మించినది. దాని వేడికి చుట్టునున్న సున్నపురాయి పాలరాయి అయినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. లంకావి ప్రజలు చెప్పునది వేరు. నడుపువాడు దానిని తన అమ్మమ్మ చెప్పినట్లు చెప్పెను.

మాట్ రాయా, మాట్ చించాంగ్ అనువారు ఇద్దరు మహాకాయులు. వియ్యమందుటకు నిశ్చయించుకొని పెండ్లివిందు చేయుచుండిరి. పెండ్లికొడుకు వేరొక పడుచును చూచి నవ్వెనని తగవు పుట్టినది. బంధువులు గిన్నెలు విసరికొనిరి. కుండ పగిలిన చోటు బెలంగా పెచాహ్. కూరపులుసు ఒలికిన చోటు కువాహ్, అదియే నేటి ముఖ్యపట్టణము. కాగుచున్న నీరు పడిన చోటు ఆయెర్ హంగాత్, అచ్చట నేటికిని వేడినీటి ఊటలున్నవి. పెండ్లియుంగరము పడిన చోటు తంజుంగ్ చిన్‌చిన్. మాట్ చించాంగ్ ఒంటిమీది కత్తిగాట్లే ఆ కొండ పండ్లు. మాట్ సవార్ అనునాతడు అడ్డుపడి యుద్ధమాపెను. వియ్యంకులిద్దరును సిగ్గుపడి కొండలై పోయిరి. మాట్ సవార్ మరల కొట్టుకొందురేమో అని ఇద్దరి నడుమ చిన్న గుట్టయై నిలిచెను.

భూమిమీద ఆ కొండనుండి ఈ కొండకు పోవుటకు మలుపులు తిరుగుచు చాలసేపు పట్టినది. ఆకాశమున, నడుపువాడు కథ ముగించులోపలనే దాటితిమి. వియ్యంకుల తగవు పులుసుకుండతో ముగియుట మనకు క్రొత్త కాదు. వడ్డనలో అప్పడము తక్కువైనదని మూడు తరములు మాటలాడుకొనని ఇండ్లు నేనెరుగుదును. కాని ఒక ఊరికి "పులుసు" అని పేరు పెట్టుకొని నిత్యము జ్ఞాపకముంచుకొన్నవారు వీరే కాబోలు.

మా ఆమె ఇంకేమియు మాటలాడలేదు. కువాహ్ రేవున గద్దబొమ్మ కనబడినది, పిదప దక్షిణపు దీవులు. వానిలో దయాంగ్ బున్‌తింగ్, గర్భిణీ ద్వీపము, మిక్కిలి చక్కనిది. కొండలవరుస వెల్లకిల పరున్న నిండుచూలాలివలె ఉండుటచే ఆ పేరు వచ్చినది. దాని నడుమ మంచినీటి కొలను, ప్రక్కనే ఉప్పుసముద్రము, రెండింటికి నడుమ సన్నని రాతిగోడ. పైనుండి చూచినచో ఒక నీరు ముదురుపచ్చ, మఱియొకటి లేతనీలము. ఆ గోడ ఇంత సన్ననిదా యనిపించును. సంతానము లేని దంపతులు ఆ నీరు త్రాగుట అచ్చటి ఆచారము. మహసూరి కథ మీకందరకు తెలిసినదే గనుక ఆమె సమాధి సంగతి ఇచ్చట వ్రాయను. పైనుండి కనబడలేదు కూడ.

దిగునప్పటికి కంచెవెనుక కుమారుడు బిడ్డనెత్తుకొని నిలిచియుండెను. వాడని చీట్లు రెండును అతని చొక్కాజేబులో కనబడుచుండెను. సొమ్ము తిరిగి ఇచ్చెదరా అని నేనడిగితిని. ఈయరట. కోడలు "భయమేసినదా మామయ్యా?" అని అడిగినది. లేదని చెప్పితిని. మా ఆమె నా వంక చూచి ఊరకున్నది.

కువాహ్ రేవులో ఓడకై వేచియుండగా ఆమె అంగడిలోనికి పోయి గామత్ తైలము సీసా ఒకటి కొనినది. సముద్రమున దొరకు ఒక మెత్తని జీవినుండి తీయు నూనె, లంకావిలో ప్రసిద్ధము, కీళ్ళనొప్పులకు మర్దన చేయుదురు. పౌరోహిత్యము చేయువారింట జీవితైలమేమని నేననబోయి మానితిని. "ఇది మనకు కాదు. వియ్యపురాలికి మోకాళ్ళు పట్టుకొనిపోవుచున్నవట, కోడలు చెప్పినది. గీచినవారికందరకు ఆ నొప్పి వచ్చును, కూర్చుండి లేచి, కూర్చుండి లేచి. మీరే తీసికొనిపోయి ఈయవలెను" అన్నది.

వచ్చిన శుక్రవారము సాయంకాలము బుకిట్ మెర్తాజాముననున్న వారింటికి పోయితిని. వాకిట వియ్యంకుడు సైకిలుచక్రమునకు గాలి కొట్టుచుండెను. నన్ను చూచి కొట్టుట మానలేదు. నేను సీసాను అరుగుమీద పెట్టి, "బావగారూ, ఆనాడు నేనన్నది అనరాని మాట. నా భార్యను కూడ అన్నట్లయినది" అంటిని. ఇంకను చెప్పవలెనని త్రోవపొడవున వల్లించుకొంటిని గాని, అంతకంటె రాలేదు.

ఆయన చక్రమును నొక్కి చూచుకొనెను. లోపలినుండి వియ్యపురాలు కాఫీ తెచ్చి, కుంటుకొనుచు వచ్చి, నా ముందు పెట్టినది. సీసా మూత తీసి వాసనచూచి మొగము చిట్లించినది.

"ఇది పనిచేయునా?" అని ఆయన అడిగెను.

"చేయునని అంగడివాడు చెప్పెను."

కొంతసేపటికి ఆయన గాలికొట్టును ప్రక్కన పెట్టి అరుగుమీద కూర్చుండెను. హెలికాప్టరులో మొగమునకు గాలి కొట్టునా యని అడిగెను. తలుపులు మూసియుందురని చెప్పితిని. ఎక్కుటకు ముందు బరువు తూతురని పిల్లలు చెప్పిరి, నిజమేనా యని అడిగెను. నిజమే యంటిని. "ఎంత తూగితిరి?" అనెను. చెప్పితిని. ఆయన లోపలివైపు తిరిగి, "విన్నావా, ఈయన నాకంటె ఆరు కిలోలు ఎక్కువ" అని వియ్యపురాలితో చెప్పెను.